పళ్లు పెంచితే పిక్కులు పెరుగుతాయా?

సూరత్‌లో మజూరా గేటు దగ్గర నుంచి ఉధనా వైపు వెళ్తే ఖటోదరా వస్తుంది. పాత పారిశ్రామిక వాడ. మరమగ్గాల షెడ్లు, ఎంబ్రాయిడరీ యూనిట్లు, వాటికి కావలసిన పళ్లచక్రాలు, షాఫ్టులు, బుష్‌లు చేసిపెట్టే లేత్ వర్క్‌షాపులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఇలాంటి షెడ్లలో తరచూ వచ్చే పని ఒకటుంది. ఇప్పటిదాకా అంగుళానికి 48 పిక్కులు వేసిన మగ్గం మీద రేపటి నుంచి 60 వేయాలని సేఠ్ చెబుతాడు. పడుగు దారాల మధ్య నుంచి పేక దారం ఒకసారి అడ్డంగా దూసుకుపోతే ఒక పిక్కు. పిక్కులు పెరిగితే బట్ట చిక్కబడుతుంది, దారం ఎక్కువ పడుతుంది, మీటరు నేయడానికి సమయమూ ఎక్కువ పడుతుంది.

ఈ చిక్కదనాన్ని నిర్ణయించేది, నేసిన బట్టను ముందుకు లాక్కునే రోలరు. రోలరు ఎంత నెమ్మదిగా తిరిగితే అంగుళంలో అన్ని ఎక్కువ పిక్కులు పడతాయి. మగ్గం కదలిక కొన్ని పళ్లచక్రాల వరుస గుండా రోలరుకు చేరుతుంది. ఆ వరుసలో ఒక చక్రాన్ని మాత్రం విప్పి వేరేది బిగించుకోవచ్చు. దాన్ని ఛేంజ్ వీల్ అంటారు. ఇప్పుడున్న ఛేంజ్ వీల్‌కు 40 పళ్లు ఉన్నాయనుకుందాం. 48 పిక్కుల నుంచి 60కి వెళ్లాలంటే ఎన్ని పళ్ల చక్రం కావాలి?

త్రైరాశికం వచ్చిన వారెవరైనా నిమిషంలో చెప్పేస్తారు. 48కి 40 అయితే 60కి 50. జవాబు సరైనదే, మగ్గానికి ఏడు చక్రాల అమరిక ఉంటే. అదే ఐదు చక్రాల అమరిక ఉన్న మగ్గమైతే, 50 పళ్ల చక్రం బిగించగానే పిక్కులు 60కి పెరగడం అటుంచి 38 దగ్గరికి పడిపోతాయి. అక్కడ కావలసింది 32 పళ్ల చక్రం.

ఎందుకీ తేడా? ఏడు చక్రాల అమరికలో ఛేంజ్ వీల్‌ను మరో చక్రం తిప్పుతుంది. తిప్పబడే చక్రానికి పళ్లు పెరిగితే అది నెమ్మదిస్తుంది, దాని వెనకున్న రోలరూ నెమ్మదిస్తుంది, పిక్కులు పెరుగుతాయి. ఐదు చక్రాల అమరికలో ఛేంజ్ వీలే పక్క చక్రాన్ని తిప్పుతుంది. తిప్పే చక్రానికి పళ్లు పెరిగితే రోలరు వేగం పుంజుకుంటుంది, పిక్కులు తగ్గుతాయి. మొదటిది అనులోమానుపాతం, రెండోది విలోమానుపాతం. రెండూ పక్కపక్క షెడ్లలోనే ఉండవచ్చు.

ఈ లెక్క చేయడానికి ఎనిమిదో తరగతి గణితం చాలు. కానీ ఏ సూత్రం వాడాలో తేల్చుకోవడానికి సూత్రాలు చాలవు. మగ్గం పక్కకు వెళ్లి, ఏ చక్రం ఏ చక్రాన్ని తిప్పుతోందో చూడాలి. ‘ఇది వేగంగా తిరిగితే ఆ చివర ఏమవుతుంది?’ అని మనసులో ఒక్కో మెట్టూ నడవాలి. విద్యా పరిశోధకులు ‘ఆలోచనా నైపుణ్యం’ అని పిలిచేది దీన్నే. వృత్తి విద్యార్థుల విషయంలో ఈ మాట చుట్టూ దశాబ్దాలుగా ఒక వాదన నడుస్తోంది. చేతిపని నేర్చుకునేవాడికి చేతులు పనిచేస్తే చాలునా, శాస్త్ర పద్ధతిలో ఆలోచించడమూ రావాలా? రావాలంటే దాన్ని ఎలా నేర్పాలి?

సాంచల వెంట వచ్చినవాళ్లు

ఖటోదరా, ఉధనా, లింబాయత్ ప్రాంతాల షెడ్లకూ తెలుగు నేలకూ ఉన్న బంధం కొత్తది కాదు. తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు భీవండి, సోలాపూర్‌లకు పోయినట్టే సూరత్‌కూ వలస పోయాయి. సిరిసిల్లలో మరమగ్గాన్ని ‘సాంచ’ అంటారు. గుజరాతీలోనూ యంత్రానికి సంచా అనే మాటే ఉంది. సూరత్ నగరపాలిక నడిపే ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉండటానికి కారణం ఈ కుటుంబాలే. 2017లో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు సూరత్ వెళ్లినవాళ్లంతా తిరిగి రావాలన్న మాట వినిపించింది. వచ్చినా, రాకున్నా ఆ ఇళ్లలోని పిల్లల ముందున్న ప్రశ్న ఒకటే. సాంచ నడిపే కూలీగా మిగలాలా, సాంచను అర్థం చేసుకుని బాగుచేసే జాబర్ కావాలా?

పదో తరగతి తరవాత ఈ పిల్లలకు అందుబాటులో ఉండే దారుల్లో ఐటీఐ ముఖ్యమైనది. దేశంలో ఐటీఐల శిక్షణకు మూలమైన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ 1950లో మొదలైంది. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ వొకేషనల్ కోర్సులున్నాయి. సమగ్ర శిక్షా కింద 9 నుంచి 12 తరగతుల బడుల్లో వృత్తి విద్య ఒక సబ్జెక్టుగా వచ్చింది. అయినా మొత్తం మీద ఈ దారిన నడిచేవాళ్లు తక్కువే. 19–24 ఏళ్ల శ్రామికుల్లో లాంఛనంగా వృత్తి విద్య పొందినవారు 5 శాతం లోపేనని 12వ పంచవర్ష ప్రణాళిక అంచనా వేసింది. అదే లెక్క అమెరికాలో 52 శాతం, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతమని 2020 జాతీయ విద్యా విధానం రాసుకుంది. ‘చదువు రానివాడు చేరే చోటు’ అన్న చిన్నచూపు ఉందని కూడా ఆ పత్రమే ఒప్పుకుంది.

ఆ చిన్నచూపు బోధనలోకి కూడా పాకింది. వీళ్లకు సైన్సు ఎందుకు, నాలుగు సూత్రాలు బట్టీపడితే పరీక్ష గట్టెక్కుతారు అన్న ధోరణి బలంగా ఉంది. ఐటీఐ సిలబస్‌లో ‘వర్క్‌షాప్ క్యాలిక్యులేషన్ అండ్ సైన్స్’ అని ఒక పాఠ్యాంశమే ఉంది. ప్రమాణాలు, నిష్పత్తులు, ఘర్షణ, ఉష్ణం, విద్యుత్తు అన్నీ అందులో ఉంటాయి. పక్క గదిలో లేత్ తిరుగుతూ ఉంటుంది. ఈ గదిలో నిష్పత్తుల లెక్క నల్లబల్ల మీద ఉంటుంది. రెండింటికీ మధ్య గోడ ఒక్కటే, కానీ చాలాచోట్ల తలుపు లేదు.

స్కేలు సున్నా నుంచి మొదలవకపోతే

ఆలోచనకూ అలవాటుకూ తేడా ఎక్కడుందో చూపించే ఒక చక్కటి కొలత మన దేశంలోనే ఉంది. ప్రథమ్ సంస్థ 2023లో 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో, 14–18 ఏళ్ల గ్రామీణ యువతపై ‘అసర్’ సర్వే చేసింది. 34,745 మందిని పలకరించారు. అందులో ఒక ప్రశ్న స్కేలుతో పొడవు కొలవడం. వస్తువు ఒక చివర సరిగ్గా సున్నా దగ్గర ఉంటే దాదాపు 85 శాతం మంది సరిగా చెప్పారు. అదే వస్తువును కాస్త జరిపి సున్నా కాని గీత దగ్గర పెడితే సరిగా చెప్పినవారు 39 శాతం. అంటే సగానికి పైగా తగ్గిపోయారు.

85 శాతం మందికి కొలవడం వచ్చనుకోవడం పొరపాటు. వాళ్లలో చాలామందికి వచ్చినది చివరి అంకె చదవడం. పొడవంటే రెండు బిందువుల మధ్య తేడా అన్న భావన వేరే సంగతి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఫిట్టర్ ట్రేడ్‌లో చేరినవాళ్లకు స్టీలు స్కేలు ఇచ్చాక నేర్పే చిట్కాల్లో ఒకటి, సున్నా నుంచి కొలవొద్దు అని. వాడివాడి స్కేలు అంచు అరిగిపోతుంది, కనుక 10 మిల్లీమీటర్ల గీత నుంచి కొలిచి, వచ్చిన దాంట్లోంచి 10 తీసేయమంటారు. దేశంలో అత్యధికులు తడబడిన లెక్కను వర్క్‌షాపు మొదటి వారంలోనే చేతిలో పెడుతుందన్న మాట. వెర్నియర్ కాలిపర్స్‌లో శూన్యాంశ దోషం అని భౌతికశాస్త్రం పుస్తకాల్లో వచ్చేదీ ఇదే. కానీ ఆ 10 ఎందుకు తీసేస్తున్నామో మాటల్లో చెప్పించకపోతే అది మరో అలవాటుగా మిగులుతుంది. ఆ కుర్రాడు పరీక్ష గదిలోకి వెళ్లి అదే లెక్కను కాగితం మీద తప్పు చేసినా ఆశ్చర్యపోనక్కరలేదు.

కొబ్బరికాయల లెక్క

అలా జరుగుతుందనడానికి సాక్ష్యాలు చాలానే ఉన్నాయి. 1985లో తెరెజిన్యా కరాహెర్, డేవిడ్ కరాహెర్, అనాలూసియా ష్లీమన్ అనే పరిశోధకులు బ్రెజిల్‌లోని రెసీఫీ నగర వీధుల్లో సరుకులమ్మే పిల్లల లెక్కల మీద ఒక పరిశీలన ప్రచురించారు. కొనేవాళ్లలా వెళ్లి బేరమాడుతూ ప్రశ్నలు వేశారు. కొబ్బరికాయ 35 క్రుజేరోలు, పది కాయలెంత? బడిపిల్లలైతే పక్కన సున్నా పెడతారు. ఆ కుర్రాడు అలా చేయలేదు. మూడు కాయలకు 105, ఇంకో మూడుకు 210, ఇంకా నాలుగు కావాలి అనుకుంటూ 350కి చేరుకున్నాడు. బజారులో వేసిన ప్రశ్నలకు పిల్లలు 98 శాతం సరిగా చెప్పారు. అవే లెక్కలు తరవాత కాగితం మీద కథగా ఇస్తే 74 శాతం, ఉత్త అంకెలుగా ఇస్తే 37 శాతం. పరీక్షించింది అయిదుగురినే కనుక శాతాలను పట్టుకుని వేలాడక్కరలేదు. కానీ తరవాత వచ్చిన పెద్ద పరిశీలనలూ అదే దిక్కును చూపాయి.

2025లో ‘నేచర్’ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరుల బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,436 మంది పిల్లలను గురించి రాసింది. బేరసారాల్లో చిక్కు లెక్కల్ని నోటితో చేసేసే పిల్లలు బడి లెక్కల దగ్గర ఆగిపోయారు. పక్కనే ఉన్న బడులకు వెళ్లే 471 మంది పిల్లలది దానికి తలకిందుల కథ. వాళ్లకు కాగితం లెక్కలు కాస్త మెరుగ్గా వచ్చాయి, బజారు లెక్క ఇస్తే తడబడ్డారు. ముంబయి హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం పరిశోధకులు ధారావిలో పనిపాటలు చేసుకుంటూ చదివే పిల్లల గణితాన్ని ఇలాగే దగ్గర నుంచి చూశారు.

కాబట్టి ‘వృత్తి విద్యార్థులకు ఆలోచన తక్కువ’ అన్న తీర్పు ఇచ్చే ముందు ఆ ఆలోచనను ఏ భాషలో, ఏ కాగితం మీద, ఏ చోట కొలిచారో అడగాలి. షెడ్డులో మీటరు లెక్కన కూలి తీసుకునే ఇంటి కుర్రాడికి విలోమానుపాతం అన్న పేరు తెలియకపోవచ్చు. పిక్కులు పెరిగితే రోజుకు మీటర్లు తగ్గుతాయని మాత్రం ఇంట్లో రాత్రి భోజనాల దగ్గరే తెలుస్తుంది. నిమిషానికి 150 పిక్కులు వేసే మగ్గం ఆగకుండా నడిస్తే గంటకు 9,000 పిక్కులు. అంగుళానికి 60 చొప్పున మీటరుకు సుమారు 2,360 పిక్కులు కావాలి, అంటే గంటకు 3.8 మీటర్లు. అదే 72 పిక్కులైతే 3.2 మీటర్లే. సిరిసిల్లలో కూలిని పిక్కుల లెక్కన కట్టే పద్ధతి ఊరికే రాలేదు.

పని జరిగితే చాలునా?

ఇంతవరకు చెప్పింది వింటే, పనిచోటే మంచి బడి అనిపించవచ్చు. అదీ పూర్తిగా నిజం కాదు.

ఒక మగ్గం మీద పడుగు దారాలు పదేపదే తెగుతున్నాయనుకోండి. కారణాలు చాలా ఉండొచ్చు. పడుగు బిగువు ఎక్కువైందేమో, వేగం పెంచారేమో, పన్నెలో ఒక పళ్లు గరుకెక్కిందేమో, దారానికి పట్టించిన గంజి చాలలేదేమో, గాలిలో తేమ మారిందేమో. అనుభవమున్న జాబర్ వస్తాడు. బిగువు కాస్త వదులుతాడు, వేగం తగ్గిస్తాడు, పన్నె తుడుస్తాడు. దారం తెగడం ఆగుతుంది. సేఠ్‌కు సంతోషం. మగ్గం నడవడమే ఆయనకు కావాలి. కానీ మూడింటిలో ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. వచ్చే నెల మళ్లీ తెగితే మళ్లీ మూడూ చేయాలి. వేగం తగ్గించడం అనవసరమైతే, ఆ నెలంతా కొన్ని మీటర్ల కూలి ఉత్తపుణ్యానికి పోయినట్టే.

శాస్త్రంలో దీన్ని చరరాశుల నియంత్రణ అంటారు. ఒకసారికి ఒక్కదాన్నే మార్చు, మిగతావన్నీ అలాగే ఉంచు, ఏమవుతుందో చూడు. చెప్పడానికి తేలిక. కానీ అమెరికాలో ఆంటన్ లాసన్ 1978లో రూపొందించిన శాస్త్రీయ తార్కికత పరీక్షను కాలేజీ విద్యార్థులకు ఇచ్చినా దీని దగ్గర జారిపడేవాళ్లు తేలుతూనే ఉంటారు. అందులో ఒక ప్రశ్న ఇలా ఉంటుంది. కడ్డీకి మూడు దారాలు వేలాడుతుంటాయి, పొడవులూ బరువులూ వేర్వేరు. లోలకం ఊగే సమయం మీద పొడవు ప్రభావం తెలుసుకోవాలంటే ఏ రెండు దారాలు వాడాలి? బరువు సమానంగా, పొడవు వేరుగా ఉన్న జతను ఎంచుకోవాలి. చాలామంది మూడింటినీ వాడదామంటారు. ఎన్ని ఎక్కువ వాడితే అంత మంచిదన్న భావన మనలో అంత సహజంగా ఉంది.

ఈ విషయంలో 1991లో లియోనా షాబుల్, ఆమె సహచరులు చేసిన చిన్న ప్రయోగం వృత్తి విద్యకు చాలా దగ్గరిది. అయిదు, ఆరు తరగతుల పిల్లలు 16 మందికి రెండు పనులిచ్చారు. ఒకటి, నీటి కాలువలో పడవ వీలైనంత వేగంగా పోయేలా చేయడం. రెండోది, స్ప్రింగుకు కట్టిన వస్తువును నీటిలో ముంచి ఏ అంశం ఏ మార్పు తెస్తుందో తెలుసుకోవడం. మొదటి పనిలో పిల్లలు ఇంజినీరు మనసుతో ఉంటారని పరిశోధకులు గమనించారు. మంచి ఫలితం వచ్చేదాకా రకరకాలుగా మారుస్తారు, వచ్చాక ఆగిపోతారు. రెండో పనిలో శాస్త్రవేత్త మనసు వస్తుంది. అన్ని కలయికల్నీ చూస్తారు. ముఖ్యంగా ‘ఇది కారణం కాదు’ అని తేల్చుకోవడానికీ శ్రమపడతారు. అసలు సంగతి ఏమిటంటే, ముందు ఇంజినీరు పని చేసి, తరవాత శాస్త్ర పనికి వచ్చిన పిల్లలే ఎక్కువ మెరుగయ్యారు.

పదహారు మంది పిల్లల మీద చేసిన ప్రయోగం దేశానికి విధానం కాలేదు. కానీ మన వృత్తి విద్య అంతా దీనికి ఎదురు దిక్కున నడుస్తోందని ఒప్పుకోక తప్పదు. ముందు సిద్ధాంతం, తరవాత ప్రాక్టికల్ అన్నదే మనకు అలవాటైన క్రమం. పని జరిగేలా చేయడం పిల్లలకు ఎలాగూ ఇష్టం. మగ్గం నడిచాక, మార్కులు పడ్డాక, ‘ఇప్పుడు ఒక్కోటీ వెనక్కి మార్చి చూద్దాం, దేనివల్ల నడిచిందో తేలుద్దాం’ అన్న పూట మాత్రం టైంటేబుల్‌లో ఉండదు. షెడ్డులో అయితే అసలే ఉండదు, ఆగిన మగ్గం ప్రతి నిమిషమూ నష్టమే. ఆ పూటను ఇవ్వగలిగిన చోటు బడి ఒక్కటే. వృత్తి విద్యను మొత్తంగా పరిశ్రమకే అప్పగిస్తే సరిపోతుందనేవాళ్లు ఈ చిన్న విషయాన్ని వదిలేస్తున్నారు.

80 డెనియరా, 60 కౌంటా?

సూరత్‌కు ప్రత్యేకమైన మరో చిక్కుముడి ఉంది. ఇక్కడ ఎక్కువగా నడిచేది పాలిస్టర్ వంటి కృత్రిమ దారం. దాని సన్నదనాన్ని డెనియర్‌లో చెబుతారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. నూలు లెక్క అలా కాదు. ఒక పౌనులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అంత కౌంటు. ఒకటి పొడవును స్థిరంగా ఉంచి బరువు చూస్తుంది, రెండోది బరువును స్థిరంగా ఉంచి పొడవు చూస్తుంది. అందుకే డెనియర్ అంకె పెరిగితే దారం లావు, కౌంటు అంకె పెరిగితే దారం సన్నం. మన చేనేత ఇళ్లలో నూరో నంబరు నూలంటే సన్నదని పసిపిల్లలకూ తెలుసు. అదే చెవితో 100 డెనియర్ వింటే పొరబడడం ఖాయం.

మరి 80 డెనియర్ దారం సన్నదా, 60 కౌంటు నూలు సన్నదా? 5,315ను కౌంటుతో భాగిస్తే డెనియర్ వస్తుంది. 60 కౌంటు అంటే దాదాపు 89 డెనియర్లు, కాబట్టి 80 డెనియరే సన్నది. ఆ 5,315 ఎక్కడి నుంచి వచ్చిందో గజాలూ పౌన్లూ పట్టుకుని రాబట్టడం ఒక గంట పాఠం. పట్టికలో చూసి రాయడం ఒక నిమిషం. పరీక్షలో రెండింటికీ మార్కు ఒకటే.

తేమ సంగతీ ఇంతే. తేమ ఉంటే దారం తెగదు అన్నది నూలు మగ్గాల దగ్గర తరతరాల అనుభవం. పత్తి నూలు తడిసేకొద్దీ బలపడుతుంది కనుక అది నిజమే. విస్కోస్ దారం తడిస్తే బలం కోల్పోతుంది. పాలిస్టర్ బలం తేమతో పెద్దగా మారదు, ఎందుకంటే అది నీటిని దాదాపు పీల్చుకోదు. మామూలు వాతావరణంలో పత్తి తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టుకుంటే, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. కానీ ఆ కారణంగానే పొడి గాలిలో పాలిస్టర్ దారానికి రాపిడితో స్థిర విద్యుదావేశం చేరి పోగులు ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి, చెదిరి చిక్కుపడతాయి. కాబట్టి పాలిస్టర్ మగ్గానికీ తేమ అవసరమే, కారణం మాత్రం వేరు. పైకి కనిపించే నియమం ఒకటే. లోపలి కారణం తెలియనివాడు దాన్ని విస్కోస్ దగ్గరికి మోసుకెళ్లి దెబ్బతింటాడు.

నేర్పితే వస్తుందా?

ఆలోచన పుట్టుకతో రావాలి, నేర్పితే రాదనేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన మైఖేల్ షేయర్, ఫిలిప్ అడే 1980లలో దీన్ని పరీక్షకు పెట్టారు. 11–14 ఏళ్ల పిల్లలకు రెండేళ్లలో 30 ప్రత్యేక పాఠాలు, సుమారు రెండు వారాలకొకటి. పొడవు, వెడల్పు, పదార్థం వేర్వేరుగా ఉన్న గొట్టాలను ఊది, ధ్వని స్థాయి దేన్ని బట్టి మారుతోందో తేల్చడం అందులో ఒక తొలి పాఠం. టీచరు జవాబు చెప్పరు. పిల్లల్ని తికమక పెడతారు, వాళ్లలో వాళ్లను వాదించుకోనిస్తారు, చివర్లో ‘ఎలా ఆలోచించి ఇక్కడికి వచ్చారు?’ అని అడుగుతారు. ఆ పిల్లలు రెండు మూడేళ్ల తరవాత బోర్డు పరీక్షల్లో సైన్సులోనే కాదు, గణితంలో, ఇంగ్లీషులో కూడా తోటివారికంటే ముందున్నారని వాళ్లు ప్రకటించారు. దీనికి పెద్ద పేరొచ్చింది. కానీ అదే పద్ధతిని ఇంగ్లండ్‌లో మళ్లీ విడిగా పరీక్షించిన మదింపు 2016లో వెలువడింది. సైన్సు మార్కులు పెరిగాయనడానికి అందులో ఆధారం దొరకలేదు. మంచి పాఠాలు పుస్తకంలో ఉంటే చాలదు, వాటిని నడిపే టీచరుకు సమయం, శిక్షణ, ఓపిక ఉండాలని దీన్నుంచి అనుకోవచ్చు. లేదా మొదటి ఫలితమే కాస్త అదృష్టం కలిసొచ్చి పెద్దదిగా కనిపించిందనీ అనుకోవచ్చు. రెండో మాటను కొట్టిపారేయడానికి లేదు.

పనిలోంచే చదువు అన్న ఆలోచన మాత్రం ఈ నేలకు పరాయిది కాదు. 1937 అక్టోబరులో వార్ధా సమావేశంలో గాంధీజీ నయీ తాలీమ్‌ను ప్రతిపాదించారు. జాకిర్ హుసేన్ కమిటీ దానికి పాఠ్యప్రణాళిక తయారుచేసింది. 1938 ఫిబ్రవరిలో ఆ సూత్రాలను కాంగ్రెస్ ఆమోదించింది హరిపురా సభలో. సూరత్ జిల్లాలోనే, తాపీ ఒడ్డున ఉన్న ఊరది. తకిలీ తిప్పడం కోసం తకిలీ కాదు, దాని చుట్టూ గణితం, భౌతికశాస్త్రం, భూగోళం అల్లాలన్నది వాళ్ల ఉద్దేశం. ఆచరణలో చాలాచోట్ల తకిలీ మిగిలింది, గణితం జారిపోయింది. ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతికి ‘కౌశల్ బోధ్’ అనే వృత్తి విద్య పుస్తకం తెచ్చింది. 2023 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా అందరికీ వృత్తి విద్య అంటోంది. ఎనభై ఏళ్ల కిందటి ఆ అనుభవాన్ని ఈసారి ఎవరైనా గుర్తుచేసుకుంటే బాగుండు.

భాష మరో అడ్డంకి. తెలుగు మాధ్యమంలో ఎనిమిది తరగతులు చదివిన కుర్రాడికి పడుగు, పేక ఇంటి మాటలు. షెడ్డులో అవే తాణా, వాణా. ఐటీఐ పుస్తకంలో వార్ప్, వెఫ్ట్. మూడు భాషల్లో ఒకే వస్తువును గుర్తుపట్టడం ఒక రకంగా వరమే. కానీ ‘ఎందుకంటే’, ‘ఒకవేళ అలా కాకపోతే’ అని వాదించడానికి ఏ భాష వాడాలో తెలియక నోరు మూసుకునే పిల్లవాడు ఆలోచించడం లేదని టీచరు అనుకుంటే, తప్పు పిల్లవాడిది కాదు. కంప్యూటర్ మీద నాలుగు ఐచ్ఛికాల్లో ఒకటి నొక్కించే పరీక్ష ఆ మౌనాన్ని బయటపడనివ్వదు కూడా.

ఛేంజ్ వీల్ లేని మగ్గం

సూరత్‌లో షటిల్ మగ్గాల చోట వాటర్‌జెట్, రేపియర్ మగ్గాలు వస్తున్నాయి. వీటిలో చాలావాటికి ఛేంజ్ వీల్ ఉండదు. తెర మీద 60 అని నొక్కితే మోటారు రోలరును కావలసినంత నెమ్మదిగా తిప్పుతుంది. అయితే ఐదు చక్రాలు, ఏడు చక్రాల తికమక ఇక చరిత్రేనా?

అలాంటి ఒక మగ్గం మీద తెర 60 చూపిస్తోంది, కానీ బట్ట మీద భూతద్దం పెట్టి లెక్కిస్తే అంగుళానికి 57 పిక్కులే ఉన్నాయనుకోండి. అంకెలు నొక్కడమే నేర్చుకున్నవాడు తెర మీద 63 నొక్కుతాడు. బట్ట సరిగానే వస్తుంది, పని జరిగిపోతుంది. ఇంకొకడు ముందు తెరకు ఏం తెలుసో ఆలోచిస్తాడు. రోలరు ఎంత తిరిగిందో దానికి తెలుసు. ఎంత బట్ట లాగిందో తెలియదు, రోలరు చుట్టుకొలతను బట్టి ఊహించుకుంటుంది. అరవైని యాభైఏడుతో భాగిస్తే 1.05. అంటే రోలరు అనుకున్నదానికంటే 5 శాతం ఎక్కువ లాగుతోంది. 120 మిల్లీమీటర్ల వ్యాసమని మగ్గానికి చెప్పి ఉంటే, ఇప్పుడది 126 మిల్లీమీటర్లు ఉండాలి. వారం కిందట రోలరుకు కొత్త తొడుగు వేశారు. పాతదానికంటే అది ఎంత మందమో వాడు కాలిపర్స్ తీసుకుని కొలుస్తాడు. 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే, తెరలో మార్చాల్సింది పిక్కుల అంకె కాదు.